రాని ఆయమ్మకు హాజరు

ఆసుపత్రిలో అందరూ ఆమెను పెద్ద సిస్టర్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ప్రసూతి వార్డే ఆమె లోకం. ఊరి అంచున పోరు మొదలయ్యాక ఇంకో పని నెత్తిన పడింది. బాంబులు పడితే బాలింతల్ని కిందికి ఎలా దించాలో వారానికోసారి అందరిచేతా డ్రిల్లు చేయించాలి. వచ్చినవాళ్లకు రిజిస్టరులో టిక్కు పెట్టాలి. మెట్ల పక్కనంతా అద్దాలే కాబట్టి ఆ దారి వద్దని, వెనక ర్యాంపు మీదుగానే నేలమాళిగకు చేరాలని కొత్తగా నియమం పెట్టారు.

డ్రిల్లు మొదలైన రోజే వార్డులో పనిచేసే ముసలి ఆయమ్మ మోకాళ్లు పట్టుకుని కూలబడింది.

"నన్నొదిలెయ్ తల్లీ. ఆ ర్యాంపు దిగి ఎక్కేసరికి బాంబు అక్కర్లేకుండానే పోతాను."

పెద్ద సిస్టరుకు నవ్వొచ్చింది. "సరే, టీ తాగుతూ కూర్చో. టిక్కు పెడతాలే."

అలా మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారం, మిట్టమధ్యాహ్నం, ఎదురు వీధిలో బాంబు పడింది. ఆయమ్మ ఒక బాలింతను భుజానికి ఆనించుకుని, బిడ్డను ఎత్తుకుని, ఇన్నేళ్లూ నడిచిన మెట్ల వైపే పరుగెత్తింది. రెండో బాంబుకు అద్దాలన్నీ రాలాయి. ఆయమ్మ ఒళ్లు అడ్డుపెట్టడంతో బిడ్డకేమీ కాలేదు. తల్లి చెంపకు పదకొండు కుట్లు పడ్డాయి. ఆయమ్మ వీపంతా చీరుకుపోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది.

పెద్ద డాక్టరు రిజిస్టరు తిరగేశాడు. "మూడుసార్లు నేర్పినా మెట్ల దారే పట్టిందా? పనిలోంచి తీసేద్దాం. మీరు నివేదిక రాసివ్వండి."

పెద్ద సిస్టర్ తేలు కుట్టిన దొంగలా రిజిస్టరు అందుకుని బయటపడింది.

సాయంత్రం ఆయమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

"ముసలిది మర్చిపోయిందని రాసెయ్ తల్లీ," అంది ఆయమ్మ. "నా చెయ్యి ఎలాగూ పోయింది. నీ ఉద్యోగం కూడా ఎందుకు పోవాలి?"

"అలా అనకు."

"అడిగి మరీ టీ తాగింది నేనే కదా. అదీ చక్కెర లేకుండా పోశావు."

నవ్వబోతే కుట్లు లాగి ఆయమ్మ మూలిగింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది పెద్ద సిస్టరుకు.

పొద్దున్నే డాక్టరు గదికి వెళ్లింది. "సార్, ఆయమ్మ ఒక్క డ్రిల్లుకూ రాలేదు. కూర్చోమన్నది నేనే. ఆ టిక్కులూ నావే."

"అయితే ఆమె పనికి ఢోకా లేదు," అన్నాడాయన. "ఆమె ఒక్కదానికేనా మీరిలా టిక్కు పెట్టింది?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. కడుపుతో ఉన్న నర్సు. నడుం నొప్పి కాపలాదారు. ఎప్పుడూ పొయ్యి మీద ఏదో ఒకటి ఉందనే వంటామె. పాపం పాపం అనుకుంటూ అందరికీ పెట్టింది. పేజీ మీద వేలుంచి ఒక్కొక్క పేరే చదివింది.

"ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు సార్."

"అందర్నీ ర్యాంపు దగ్గరికి రమ్మనండి. ఇప్పుడే. మీ సంగతి తర్వాత చూద్దాం."

వరండాలోకి వచ్చి ముందుగా వంటామెను కేకేసింది.

"పొయ్యి మీద పాలున్నాయమ్మా!"

"దించేసి రా," అంది పెద్ద సిస్టర్.