ముంతలో మా ఊరు

రామన్నపేటలో మా ఇంట్లో కిరాయికుండి, నా చేతి అన్నమే తిన్న ఆడిట్ సారుకు ఒక అలవాటు ఉండేది. నేనేం చెప్పినా అరచేయి తిరగేసి, "అటునుంచి చూడక్కా" అనేవాడు.

చేనేత సంఘాల లెక్కలు చూడడం ఆయన పని. గుమాస్తా ఉన్న సంఘాలే లాభాల్లో ఉన్నాయి కాబట్టి, లేనివాటిని మూసేయాలని పైఅధికారులు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "గుమాస్తాతోని బాగుపడ్డయా, బాగున్నయి గనుకనే గుమాస్తాను పెట్టుకున్నయా?" అన్నాడు. అది తేల్చడానికి గుమాస్తా లేని ఊళ్ల పేర్లు చీటీల మీద రాసి ముంతలో వేశాడు. చీటీ వచ్చిన ఊళ్లకే సర్కారు గుమాస్తా. మా ఆయన నడిపే సంఘానికి రాలేదు.

నేను ఊరుకోలేదు. "మా ఇంట్ల తినుకుంట మా ఊరిని ముంతల వేస్తరా సారూ? మీ బిడ్డకు సంబంధం గూడ చీటీ తీసే చూస్తరా?"

"నాకు నచ్చిన ఊరికిస్తే, అది గుమాస్తాతోని బాగుపడ్డదో, ముందే మంచిగున్నదో ఎట్ల తెలుస్తదక్కా?"

రెండేళ్లు చూశాడు. చీటీ వచ్చిన సంఘాలు తేరుకున్నాయి. రానివి కుంగాయి. ఏదీ మూయొద్దని, అన్నిటికీ గుమాస్తాను ఇవ్వాలని పోట్లాడి ఒప్పించాడు. మా ఊరికి గుమాస్తా ట్రంకుపెట్టెతో దిగేసరికి సంఘానికి తాళం పడింది. మా ఆయన పరాయి మగ్గం మీద కూలికి నేస్తున్నాడు.

ఆ పూట సారు అన్నం కలిపి, చేయి ఆపేశాడు. "మిమ్ముల నేనే ముంచిన అక్కా."

 అన్నం పారేసే ఇల్లు కాదు మాది. "కలిపిన అన్నం వదలొద్దు, తినుండ్రి" అని ఎదురుగా కూర్చుని, మెతుకు మిగలకుండా తినిపించాను.