మనపేటకు రాజొచ్చాడు

ఎర్నెస్ట్‌కు ఏ జంతువునైనా ఊరికే నిలబెట్టి గీయడం చేతకాదు. మెదక్ నుంచి వచ్చిన కొత్తలో ఆబిడ్స్‌లో సైన్‌బోర్డులు రాసేవాడు. ఓ తాళాల దుకాణానికి సింహం బొమ్మ వేయమంటే వేశాడు. అది గర్జిస్తే ఒట్టు! ఇంట్లో ఏదో చిక్కొచ్చి పడ్డట్టు ఆలోచిస్తూ నిలబడింది. దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు గానీ, అటుగా పోతున్న వామన్‌రావు మాత్రం బోర్డు కింద ఆగిపోయాడు. పోస్టాఫీసు వెనక సందులో పిల్లల మాసపత్రిక నడిపే మనిషాయన. "గీ సింహం మాట్లాడితే ఏమంటదయ్యా?" అని అడిగి, అక్కడికక్కడే కొలువిచ్చాడు.

అయితే ఆ పత్రికలో ఎర్నెస్ట్ గీసిన బొమ్మల కథ 'మనపేట' పుట్టింది మాత్రం భార్య డోర్కాస్ వల్ల. పెళ్లైన కొత్తలో ఎర్నెస్ట్ ఆమెను సరదాగా సర్కస్‌కు తీసుకుపోయాడు. ఏనుగును తెచ్చి చిన్న పీట మీద కూర్చోబెట్టగానే జనమంతా చప్పట్లు, ఈమె ఒక్కతే ఏడుపు. సగం ఆటలో లేచి బయటికొచ్చి, "దాన్ని ఇడిచిపెడితే యాడికి పోతదండీ?" అంది. పాపం, ఎక్కడికి పోతుంది?

ఆ మరుసటి నెల పత్రికలో లచ్చమ్మ అనే ఏనుగు సర్కస్ విడిచి, నాంపల్లి స్టేషన్ వెనక పాడుబడ్డ గోదాములోకి వచ్చి చేరింది. వెంట సైకిలు తొక్కే ఎలుగు, పళ్లూడిన సింహం, కోతులు, కుందేళ్లు. అందరికీ మాటలొచ్చు, బుద్ధీ ఉంది. లేనిదల్లా ఊరే. కట్టుకుని, మనపేట అని పేరు పెట్టుకున్నారు. ఎలుగు బిస్కెట్ల భట్టీ పెట్టింది. ముసలి సింహానికి కుందేళ్లు వంతులేసుకుని గంజి కాచి పోసేవి. రాజు లేడు. పంచాయితీ కూర్చుంటే అందరికన్నా చిన్న ప్రాణి ముందు మాట్లాడాలి. అందుకని ఏ తగువైనా చీమ దగ్గర మొదలై లచ్చమ్మ దగ్గరికొచ్చేసరికి, అసలు తగువేమిటో అందరూ మరిచిపోయేవారు. పిల్లలు పడి పడి నవ్వేవారు.

ఇంట్లో మాత్రం అది ఉత్త కథ కాదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో డోర్కాస్ చుట్టాల పేర్లతో పాటు లచ్చమ్మ పేరూ చెప్పేది. ఆ నెల బొమ్మల్లో లచ్చమ్మకు జ్వరమొచ్చి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ప్రార్థన సాగేదే సాగేది. ఓసారి ఇంటికొచ్చిన పాస్టరుగారు 'ఆమెన్' అవగానే, "లచ్చమ్మగారు ఏ దవాఖానల ఉన్నరమ్మా? రేపు పోయి చూసొస్తా" అన్నారు. ఎర్నెస్ట్ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాడు. డోర్కాస్ మాత్రం తొణక్కుండా, "ఇప్పుడు జర నయమే అయ్యగారూ" అంది.

అంత చల్లగా బతికిన ఊరది. చాలా ఏళ్లకు వామన్‌రావు పోయాడు. పత్రిక ఆగిపోయింది. ఆయన కొడుకు శ్రీహరి మనపేటను ఫోన్లలో బొమ్మల కథలు చూపించే కంపెనీకి ఇచ్చేశాడు. హక్కులన్నీ పత్రికవే, ఎర్నెస్ట్‌ను అడగాల్సిన పని లేదు. ఆయన దానికీ బాధపడలేదు. ఊరు బతికితే చాలుననుకున్నాడు, పిచ్చి మారాజు!

మొన్న శ్రీహరి ఆ కంపెనీ ఆఫీసుకు పిలిచి, చాయ్ తెప్పించి, విషయం చెప్పాడు.

"అంకుల్, గంజి పోసే కుందేళ్లను ఇప్పుడెవరు చూస్తరు? పిల్లలకు ఫైటింగ్ కావాలె. సర్కసోడు మళ్లొస్తడు, అందరినీ పట్టుకపోతడు. ముందుగాల లచ్చమ్మను. తర్వాత కొత్త సింహమొస్తది, కొట్లాడి ఇడిపిస్తది, రాజైతది."

"మనపేటల రాజుండడు గదా బాబూ."

"ఇప్పుడుంటడు."

గోడకు చెప్పుకున్నా ఒకటే అని తెలుసు. అయినా ఉండబట్టలేక, "లచ్చమ్మ మళ్ల గొలుసు ఏయించుకోదు శ్రీహరీ. సచ్చిపోతది గని ఏయించుకోదు" అన్నాడు.

"అంకుల్, అది బొమ్మ."

శ్రీహరి చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు ఎర్నెస్ట్ ఒళ్లో కూర్చుని లచ్చమ్మకు రంగులేసినవాడే. అందుకే ఆ మాట మరీ తగిలింది.

"మీరు గీయకున్నా నడుస్తది. చూడున్రి" అంటూ కంప్యూటరు ఇటు తిప్పాడు. ఎర్నెస్ట్ ఇన్నేళ్లుగా గీసిన బొమ్మలన్నీ దానికి మేపి పెట్టారట. చూస్తుండగానే లచ్చమ్మ వచ్చేసింది. అవే చెవులు, అదే నుదురు. కాలికి గొలుసు. సర్కసోడు లాగుతున్నాడు. లచ్చమ్మ నవ్వుతోంది.

"నవ్వుతదేంది?" అన్నాడు ఎర్నెస్ట్.

"మీరు ఎప్పుడూ నవ్వేటట్టే గీసిన్రు గద అంకుల్. అది అదే నేర్చుకుంది."

లచ్చమ్మ సుఖంగా ఉండాలని ఎర్నెస్ట్ గీసిన నవ్వది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించారు.

"నేనే గీస్త" అన్నాడు.

పెద్దాయన దారికొచ్చాడని శ్రీహరి సంతోషించాడు. దారీ లేదు, గీరీ లేదు. ఎలాగూ పట్టుకుపోతారు. కనీసం ఏడుస్తూ పోనివ్వాలి. నవ్వుతూ పోతే ఆమెకు జరిగింది అన్యాయమని ఏ పిల్లవాడికి తెలుస్తుంది?

నాంపల్లిలో ఇంటికొచ్చి, కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నాడు. కన్ను కుదిరింది. కన్నీళ్లు కుదిరాయి. ఇన్నాళ్లు కడుపులో పెట్టుకుని చూసిన ప్రాణిని చేజేతులా పట్టివ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆ కాలి దగ్గరికి పోయి ఆగిపోయేది. కాగితాలు చింపాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మూడు పూటలా అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. చివరికి డోర్కాసే వచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

"గీ సర్కసోడు మళ్లెందుకొచ్చిండు? గొలుసెవరికి?"

"లచ్చమ్మకు."

"మీరేస్తున్నరా?"

"నేనెయ్యకుంటే వాళ్లేస్తరు డోర్కా. నవ్వే మొకం పెట్టి ఏస్తరు."

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఆ బొమ్మనే చూస్తూ చూస్తూ, "అయితే జర వదులుగా ఎయ్యున్రి. కాలు ఒరుసుకపోతది" అంది.

"వదులుగా ఏస్తే, ఇడిపించుకుని ఉరకొచ్చు గదా అంటరు. వాపసు పంపుతరు. మళ్ల ఆ మిషిన్ తోనే గీయిస్తరు."

ఎర్నెస్ట్ పాళీ ఇంకులో ముంచి, గొలుసు బిగించే గీశాడు. డోర్కాస్ కాగితం మీదికి వంగి, ఇంకు ఆరేదాకా ఆ కాలి మీద మెల్లగా ఊదుతూ కూర్చుంది.