గాజుపెట్టెలో గుప్పెడు ఉప్పు

నాకు ఆ చక్రం మీద అసూయ. చక్రం కంటే ముందు, దాన్ని కాగితం మీద గీసిన మనిషి మీద. ఉద్యోగం అయిపోయింది, పెద్దరికం కాపాడుకోవలసిన స్టాఫ్‌రూమ్ ఇప్పుడు లేదు కాబట్టి ఈ మాట పైకి చెప్పగలుగుతున్నాను. అప్పట్లో అయితే చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఉద్దానంలో, కవిటి దగ్గర హైస్కూల్లో నేను జీవశాస్త్రం మాస్టారిని. పద్నాలుగేళ్ళపాటు మా బడిలో సైన్సు ప్రదర్శన అంటే నేనే. ఒక ఏడాది వానపాముల ఎరువు, ఒక ఏడాది పుట్టగొడుగులు, ఇంకో ఏడాది పెరటి మందు మొక్కలు. ఏదో ఒకటి పట్టుకుని టెక్కలిలో జరిగే జిల్లా ప్రదర్శనకి వెళ్ళేవాణ్ణి, ప్రశంసాపత్రం పట్టుకుని తిరిగి వచ్చేవాణ్ణి. జిల్లా దాటి రాష్ట్ర ప్రదర్శన మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా ఎక్కాలని నా కోరిక. ఇంట్లో అందరికీ తెలిసిన కోరికే, నవ్వుకునే కోరిక కూడా. నేను చెబుతున్నది నా సర్వీసులో చివరి ఏడాది సంగతి.

ఆ జూన్‌లో భౌతికశాస్త్రం చెప్పడానికి ఇచ్ఛాపురం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. నా కూతురి వయసు ఉంటుంది. ఫోన్లో వాళ్ళమ్మతో ఒడియాలో, మాతో తెలుగులో, పిల్లలతో రెండూ కలిపి మాట్లాడేది. నెల తిరక్కుండా ఇంటర్వెల్లో పిల్లలందరూ ఆమె చుట్టూ చేరడం మొదలుపెట్టారు. అంతకుముందు నా చుట్టూ ఉండేవారని అనలేను. కాని ఎవరి చుట్టూ ఉండేవారు కారు కదా, నాకు అదే చాలు.

ఒకరోజు ఆమె బోరింగు దగ్గర బకెట్టులో సగం నీళ్ళు పట్టి, చెయ్యి చాపి గిరగిరా తిప్పింది. బకెట్టు తలకిందులైనా చుక్క కారలేదు. తిరుగుతున్నంతసేపూ నీళ్ళు అడుగుకే అదుముకుని ఉంటాయంది. ఆకాశంలో ఒక పెద్ద చక్రం కట్టి ఇలాగే తిప్పితే, దాని లోపలి అంచు మీద మనుషులు మన నేల మీద నిలబడ్డట్టే నిలబడతారు, ఇళ్ళు కట్టుకోవచ్చు, తోటలు వేసుకోవచ్చు అంది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. నేను కిటికీ పక్కన నిలబడి, ఏదో పుస్తకం వెతుకుతున్నట్టు నటిస్తూ విన్నాను. ఆ బకెట్టు సంగతి నాకు కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తిప్పి చూపించాలని తోచలేదు, అంతే.

హెడ్మాస్టరు గారు ఆ సాయంత్రమే తేల్చేశారు. ఈసారి టెక్కలికి ఆ చక్రమే వెళ్తుంది. సైకిలు రిమ్ముకి లోపల అట్టతో ఊరు కట్టి, పాత టేబుల్ ఫ్యాను మోటారుతో తిప్పాలి. "పచ్చదనం సంగతి మన మాస్టారు చూసుకుంటారులెండి" అన్నారు నావైపు చూడకుండానే. పెళ్ళిలో మావిడాకులు కట్టే పని అప్పగించినట్టు అనిపించింది. నవ్వి తల ఊపాను, లోపల మాత్రం ఉడికిపోయాను.

తీరా పనిలో దిగాక చక్రం నన్నూ లాక్కుంది, అది మాత్రం నిజం. ఆమె గీసిన బొమ్మలో ఊరంతా పచ్చగడ్డి, పూలకుండీలు. నాకు ఒళ్ళు మండింది. చోటు కొలిచి కొలిచి వాడుకోవలసిన చోట గడ్డి పెంచుకుని ఏం చేసుకుంటారని అడిగాను. పిల్లల్ని తీసుకుని బడి వెనక తోటలోకి నడిచాను. పైన కొబ్బరి, దాని కింద పనస, మునగ, అరటి, ఆ కింద కంద, పసుపు, ఇంకా కింద నేలకి కరుచుకుని అనాస, కొబ్బరి మొదలుకి పాకిన మిరియం తీగ. ఆకు మీద పడ్డ ఎండలో మిగిలింది కింది ఆకుకి, దాని దగ్గర మిగిలింది ఇంకా కిందిదానికి. మా ఉద్దానంలో ఎండని కింద పారబోసుకోరు, చక్రంలోనూ పారబోసుకోకూడదని చెప్పాను. ఆమె చెట్ల మధ్య నిలబడి పైకి చూస్తూ, ఈ ఆలోచన తనకి ఎప్పటికీ వచ్చేది కాదంది. ఆ రోజు ఇంటికి నేల మీద నడిచి వెళ్ళినట్టు గుర్తులేదు.

తరవాత ఆ చక్రంలోని తోటలో నేను మనసులో చాలాసార్లు నడిచాను. అక్కడ నేల ముందుకీ వెనక్కీ మెల్లగా పైకి లేస్తుంది. తల ఎత్తితే ఆకాశం ఉండదు, చక్రం అవతలి అంచు తోటలోని కొబ్బరి మొవ్వులు మనవైపే చూస్తుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ తుపాను రాదు. మా తోటలో మా నాన్న వేసిన చెట్లు ఒక్క పూటలో నేలకూలడం చూసినవాణ్ణి. ఇంకా పుట్టని ఆ మనుషుల మీద, గాలివాన ఎరగని వాళ్ళ చెట్ల మీద నాకు కడుపుమంట పుట్టింది. దానికి తోడు, చక్రంలో తోట నమూనా చూడ్డానికి బడికి వచ్చిన మండలం అధికారి మొత్తం విని "మీ తోట ఆలోచన అద్భుతంగా ఉందమ్మా" అని టీచరమ్మని మెచ్చుకున్నాడు. ఆమె వెంటనే అది మాస్టారిదని చెప్పింది. అప్పటికే ఆయన జీపెక్కుతున్నాడు. తప్పు ఆమెది కాదని తెలిసినా ఆ రోజు ఆమె ఇచ్చిన టీ తాగలేదు.

చక్రంతో పాటు ఒక గాజుపెట్టె కూడా పెట్టాలన్నది ఆమె ఆలోచనే. ఆకాశంలో ఊరికి బయటినుంచి గాలి రాదు, నీరు రాదు, ఉన్నదే తిరగాలి. అది పిల్లలకి కళ్ళకి కట్టాలంటే మొక్కలు పెట్టి మూత బిగించేసిన పెట్టె కావాలి. ఆకులు వదిలిన తడి మూతకి పట్టి మళ్ళీ చినుకులై రాలుతుంది. పలాసలో అద్దాల కొట్టులో నడుమెత్తు పెట్టె చేయించాం. నాటడం నా పని. నడుమ చిన్న మొలక వచ్చిన కొబ్బరికాయ, చుట్టూ అరటి పిలక, పసుపు, కంద, అనాస. నాటి, నీళ్ళు పోసి, మూత చుట్టూ టేపు నేనే అంటించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూడు వారాలకి పసుపు ఆకుల అంచులు మాడడం మొదలైంది. అరటి పిలక పాలిపోయింది, కంద మెడ వాల్చేసింది. కొబ్బరి ఒక్కటే ఏమీ పట్టనట్టు పచ్చగా నిలబడింది. ప్రదర్శనకి పన్నెండు రోజులే ఉన్నాయి. టీచరమ్మ ముఖం చూడలేకపోయాం. మట్టి గాలాడకుండా మూత తొందరపడి పెట్టించానని, తప్పంతా తనదేనని స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పింది. పెట్టె మానేసి చక్రం ఒక్కటే పట్టుకెళ్దామంది. వద్దని ఒక్క మాట అనలేదు నేను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆమె అలా తలవంచుకుని నిలబడితే నాకు లోపలెక్కడో చల్లగా ఉంది.

ఇంటికి వెళ్ళి భోజనం దగ్గర నా భార్యకి ఈ కథంతా చెప్పాను, ఆ టీచరమ్మ ఎంత తెలివితక్కువ పని చేసిందో అన్నట్టుగా. నా భార్య మా మేనమామ కూతురు. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా నన్ను బావా అనే పిలుస్తుంది. తుపాను తరవాత మా తోటలో వేసిన కొబ్బరి మొక్కలన్నీ ఆమె చేత్తో నాటినవే. అంతా విని, చారు గిన్నె కింద పెట్టి అడిగింది.

"గోతిలో ఉప్పేసినావేటి?"

వేశాను. కొబ్బరి మొక్క పెట్టే గోతిలో అడుగున గుప్పెడు కళ్ళుప్పు వెయ్యడం మా తాత చేశాడు, మా నాన్న చేశాడు, నేను చేస్తాను. చెయ్యి దానంతట అదే వేసేస్తుంది, బుర్రని అడగదు. ఆ పెట్టెలోనూ ఒక గుప్పెడు వేసి, చిన్న కాయే కదా అని పైన మళ్ళీ చిటికెడు జల్లాను.

"మన తోటలోనయితే వానకి ఇసకలోంచి దిగిపోతాది" అంది. "ఆ పెట్టిలోంచి ఎటెల్తాది బావా?"

 జీవశాస్త్రం మాస్టారిని, మూత బిగించిన పెట్టెలో ఏదీ బయటికి పోదని పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి. నాకు తట్టనిది చారు వడ్డిస్తూ ఈవిడకి తట్టింది. అప్పుడు నాకు మా ఆవిడ మీద కూడా ఈర్ష్య కలిగిందంటే మీరు నమ్మాలి.

తెలిసిన తరవాత కూడా మూడు రోజులు నోరు మెదపలేదు. చెబితే ఇంకో పెట్టె నాటడానికి సమయం ఉంది. చెప్పకపోతే తప్పు ఆమె ఖాతాలో ఉండిపోతుంది, నా తోటకి మచ్చ రాదు. నాలుగో రోజు ఆమె పిల్లలకి కూడా తప్పు తనదేనని చెబుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. ఇక భరించలేక లోపలికి వెళ్ళి, ఉప్పు వేసింది నేనని చెప్పేశాను. ఆమె విసుక్కుంటుందేమో, నవ్వుతుందేమో అని సిద్ధపడ్డాను. ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళి, మాడిన ఆకుల మధ్య పచ్చగా ఉన్న కొబ్బరిని చూసి, వెనక్కి తిరిగింది.

"దీన్ని పారెయ్యొద్దు మాస్టారూ. పక్కన ఉప్పు లేని పెట్టె ఇంకోటి పెడదాం. రెండూ చూపిద్దాం."

టెక్కలిలో సైకిలు చక్రం బాగానే తిరిగింది, కాని జనం ఆగింది పెట్టెల దగ్గరే. ఒక దానిలో తోట, ఒక దానిలో మాడిన ఆకుల నడుమ ఒంటరి కొబ్బరి. ఎవరు ఏం అడిగినా టీచరమ్మ నావైపు చెయ్యి చూపించేది. గుప్పెడు ఉప్పు కథ ఆ రెండు రోజుల్లో వందసార్లు చెప్పి ఉంటాను. మనవరాలితో వచ్చిన ఒక ముసలమ్మ, మా ఉద్దానం మనిషే, మొత్తం విని గాజు మీద వేలు పెట్టి చూపించింది.

"ఈ పెట్టిలో ఏటేసినారో, ఎవులేసినారో తెలిసింది. మన నీల్లల్లో ఏటుందో ఎవులైనా సెప్పినారేటి మేస్టారూ?"

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు లేదు, నీళ్ళ వల్లేనేమోనని జనం అనుమానం. మా అన్నయ్య వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి పలాస వెళ్తాడు. కల్లూ చుట్టా ఎరగని మనిషి, తోట తప్ప వేరే లోకం లేని మనిషి. ఎందుకొచ్చిందని అడిగితే ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళు లేరు. ఆకాశంలో ఆ చక్రంలో ఉండబోయే మనుషులకి తమ నీళ్ళలోకి ఏ గుప్పెడు ఎవరి చేత్తో పడిందో లెక్క తెలుస్తుంది. ముసలమ్మ వెళ్ళిపోయాక ఆ మనుషుల మీద నాకు పుట్టిన అసూయ ముందటిలాంటిది కాదు.

రెండో రోజు సాయంత్రం మా బడిని రాష్ట్ర ప్రదర్శనకి ఎంపిక చేశారు. టీచరమ్మ పిల్లలకి టిఫిను పెట్టించడానికి బయటికి వెళ్ళింది. బల్ల దగ్గరున్నాయన నా చేతికి ఒక కాగితం ఇచ్చి, మార్గదర్శక ఉపాధ్యాయుడి పేరు రాయమన్నాడు. ఒక్కరికే చోటుంది. చక్రం ఆమెది, పెట్టె ఆమెది, రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టడం ఆమెది. ఆ ప్రశ్న నా భార్యది. తోట ఉద్దానంలో ఎవరినడిగినా చెప్పేదే. ఉప్పు మాత్రం నాది. పెన్ను మూత తీసి నా పేరు రాశాను.

టీచరమ్మ వచ్చి కాగితం చూసింది. "మంచిది మాస్టారూ, మీ చివరి ఏడాది కదా" అంది. ఆ మాటలో వెతికినా ఎత్తిపొడుపు దొరకలేదు. ఎత్తిపొడుపుంటే నాకు బాగుండేది.

రాష్ట్ర ప్రదర్శనకి పిల్లల్ని తీసుకుని నేనే వెళ్ళాను. ఇన్నేళ్ళ కోరిక. అక్కడ న్యాయనిర్ణేతలు చక్రం గురించే గుచ్చి గుచ్చి అడిగారు. చక్రం చిన్నదైతే ఎందుకు తల తిరుగుతుంది, ఎంత వేగంగా తిరగాలి అని. నేను బకెట్టు కథ చెప్పాను, ఆమె మాటలే, ఆమె చెయ్యి చాపినట్టే చెయ్యి చాపి. ఒకాయన బాగా చెప్పారన్నాడు. పెద్ద ప్రశంసాపత్రం, బంగారు రంగు అంచు, మధ్యలో నా పేరు.

పలాసలో రైలు దిగి ఇంటికి వచ్చేసరికి నా భార్య వాకిట్లో కొబ్బరి పీచు విడదీస్తోంది. చేతులు తుడుచుకుని పత్రం తీసుకుని, అక్షరం అక్షరం చదివింది. ఈ గోడకి తగిలించనా, ఆ గోడకా అని నేను మేకు వెతుకుతున్నాను.

"టీచరమ్మ పేరేది?" అంది.

ఒక్క పేరుకే చోటుందని చెప్పాను. ఆమె పత్రం అరుగు మీద పెట్టి, మళ్ళీ పీచు చేతిలోకి తీసుకుంది.

"మరి ఈ ఉప్పు ఎటెల్తాది బావా?" అంది.