అమీనా వెంట రెండు బండ్లు

ఆ రోజుల్లో కోర్టులో గెలిస్తే డబ్బు చేతికొచ్చినట్టేనని నమ్మేదాన్ని. పందొమ్మిదేళ్ళ వయసు, ఆర్.ఎస్. పురంలో ఒక వకీలు గారి దగ్గర టైపు కొట్టే ఉద్యోగం. డిక్రీలూ జప్తు పిటిషన్లూ రోజూ నా వేళ్ళ కిందినుంచే వెళ్ళేవి కాబట్టి, న్యాయమంతా నేనే నడిపిస్తున్నానన్న గీర (వకీలు గారికి కూడా అంత ఉండేది కాదు). మా మేనత్త ఒక మిల్లు కట్టుబడి పనివాళ్ళకి మూడు నెలలు అన్నం వండి పంపింది. వండించుకున్న మేస్త్రీ, మా వీధంతా జరీపంచె అని పిలిచే మనిషి, పైసా ఇవ్వలేదు. ఆ డబ్బు వస్తేనే అత్త గాంధీపురంలో చూసుకున్న చిన్న మెస్సుకి అడ్వాన్సు కట్టగలదు. శనివారం దాటితే ఆ కొట్టు ఇంకొకరిది. దావా గెలిచాం. ఇక కోర్టు అమీనా వచ్చి జప్తు చేయడమే తరువాయి.

"అమీనా అంటే ఏమనుకున్నావత్తా? ఇల్లు ఊడ్చేస్తాడు!" అని భరోసా ఇచ్చి, ఆమె చేతనే రెండు ఎద్దుబండ్లకి బాడుగ ఇప్పించాను. ఒకటి చాలదా అని అడిగితే, "బీరువా ఎక్కడ పెడతాం?" అని కసిరాను కూడా.

బుర్రమీసాల వస్తాదు వస్తాడనుకున్నాను. సైకిలు మీద, గొడుగు తగిలించుకుని, కడుపులో గ్యాసని సోడా తాగుతూ ఒక బక్కమనిషి దిగాడు. ఆ అరవ ఊళ్ళో మన తెలుగు భాషవాడే. బండ్లు చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఎందుకు పాపా ఇన్ని బండ్లు? వండుకునే గిన్నెలు ముట్టకూడదు. కట్టుకునే గుడ్డ, పడుకునే మంచం, ఆడమనిషి తాళి, ఏదీ ముట్టకూడదు. తలుపు మూసుంటే పగలగొట్టకూడదు. పొద్దు దిగితే గడప తొక్కకూడదు."

"మరి మీరు వచ్చి ఏం చేస్తారు?"

"వచ్చినానని రాస్తాను. సగం రోజులు అంతే కణ్ణు. ఏదో కొంచెం వస్తే సామికి టెంకాయ కొట్టు." (కణ్ణు అంటే అరవంలో కన్నా అని ముద్దుగా పిలవడం.)

అత్త నన్నూ, బండ్లనూ మార్చి మార్చి చూసింది. నాకు ఏడుపొచ్చింది.

అదృష్టం కొద్దీ తలుపు తీసే ఉంది. మేస్త్రీ భార్య ఎదురొచ్చింది. బిందెల మీద, వెండి చెంబు మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరే. (మావాళ్ళలో పేరు కొట్టించనిదే పాత్ర ఇంట్లోకి రాదు.) బీరువా మీద, గడియారం మీద కూడా రంగుతో ఆమె పేరే రాయించారు. "అంతా నా పుట్టింటోళ్ళు పెట్టింది. సదువుకో పాపా, టైపు కొట్టేదానివి గదా!" అంది. ఆ ఇంట్లో మేస్త్రీ సొంత ఆస్తి జరీపంచె ఒక్కటే. అది ఆయన కట్టుకుని ఉన్నాడు.

మూల లేసు గుడ్డ కప్పిన రేడియో ఉంది. "అదీ నాదే" అంది ఆమె.

అమీనా నోరు తుడుచుకుని, "సరిమ్మా. రేడియో లైసెన్సు ఒక తూరి చూపించు" అన్నాడు.

అప్పట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, సొంతదారు పేరున లైసెన్సు తీసుకోవాలి. ఆమె ఆ లైసెన్సు పుస్తకం తెచ్చిచ్చింది. అందులో ఇంటిపేరుతో సహా నిండుగా మేస్త్రీ పేరు! అమీనా కాగితం తీసి రేడియోని జప్తులో రాయడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని పాటలు వినే వీధి జనమంతా గుమ్మంలో మూగారు. "అన్నం పెట్టిన చేతికి డబ్బిచ్చేదానికి ఏమి రోగమయ్యా నీకు? రేపు మాకు పాట యాడిది?" అని ఒక ముసలమ్మ నిలదీసింది. అందరికంటే భార్యకే ఎక్కువ మండింది. "నాకోసరం కొన్నానని చెప్పినావే!" అని ఆయన్ని ఒక్క చూపు చూసి, లోపలికెళ్ళి కొంగు ముడి విప్పుకుంటూ వచ్చింది. సగం పైచిలుకు అక్కడికక్కడే ఎంచి ఇచ్చింది. మిగతాది వారం వారం ఇచ్చేలా ఒప్పందం. రేడియో ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

"సగం పైన వచ్చింది పాపా! రాసిపెట్టుకో" అన్నాడు అమీనా, తనే గెలిచినంత సంబరంగా.

"బాడుగ ఇచ్చినాం, ఊరికే పోనిచ్చేదా?" అని అత్త ఒక బండి తానెక్కి, రెండోదాంట్లో నన్ను ఎక్కించింది. బజారంతా ఊరేగుతూ ఇంటికొచ్చాం. శనివారం అడ్వాన్సు కట్టేసింది. (చివరి రెండు వాయిదాలు ఇప్పటికీ రాలేదు.)

మెస్సుకని అత్త మొదట కొన్నది ఒక పెద్ద ఇత్తడి అండా. దాని మీద చుక్కల్లో నా పేరు చూసి, ఎందుకత్తా అన్నాను. "రేపు నామీదికి అమీనా వస్తే ముట్టలేడు గదా" అని నవ్వి, కాస్త ఆగి, "నీకే కణ్ణు" అంది.

అత్త లేదిప్పుడు. అండా నా వంటింట్లో ఉంది, ఏ పొయ్యి మీదా పట్టదు. చింతపండుతో తోమినప్పుడల్లా ఆ రెండు బండ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇల్లు మారినప్పుడు మాత్రం, దీనొక్కదానికే ఒక బండి మాట్లాడాల్సి వచ్చింది.