నాగవేణిని నేను అడగని ప్రశ్న

1999 జూన్‌లో నన్ను ధర్మవరం వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. స్త్రీల వైద్యం చదివిన డాక్టరు అక్కడ నేనొక్కదాన్నే. ఓపీలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరికితే ఎక్కువ.

వానల్లేని ఆ ఆగస్టులో నాగవేణి వచ్చింది. ఇది అసలు పేరు కాదు. ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి పది నెలలు, పట్టు నేసే ఇంటి కోడలు. వెంట అత్త ఓబుళమ్మ ఉంది.

"మొగుని దగ్గరికి పొమ్మంటే ఏడుస్తాది డాక్టరమ్మా. లోపముంటే చెప్పండి, పుట్టింటికి పంపిస్తాం" అందామె.

కలయికలో భరించలేని నొప్పి అని నాగవేణి చెప్పింది. లోపలి పరీక్ష చేయబోతే చెయ్యి ఆనకముందే తొడలు దగ్గరికి లాక్కుంది. పరీక్ష పూర్తి చేయకుండానే ఇన్ఫెక్షన్ అని చీటీ మీద రాసి, మాత్రలిచ్చి, "కొత్తలో ఇంతే, కొంచెం ఓర్చుకో" అని పంపేశాను.

మూడు వారాలకు ఒంటరిగా వచ్చింది. చేతిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోం కాగితం. యోని దారి ఇరుకుగా ఉంది, కోసి వెడల్పు చేయాలని అందులో రాసి ఉంది. సోమవారం రమ్మన్నారట.

"మీరూ కొయ్యాల్సిందే అంటే కొయ్యించుకుంటా మేడం. ఓర్చుకునేది నాకు చేతకాలేదు."

ఆమెను బయట కూర్చోబెట్టాక స్టాఫ్ నర్సు కమలమ్మ నాతో అంది: "మొన్న ఆ యమ్మ బల్ల ఎక్కకముందే గుప్పిళ్ళు బిగించింది మేడం. మీరు చీటీ రాసుకుంటా చూడలేదు."

ఓపీ అయ్యాక తలుపు వేసి నాగవేణిని మాట్లాడనిచ్చాను. ఇల్లంతా ఒకటే గది. సగం మగ్గానికే పోయింది. మిగతా సగంలో అడ్డంగా పాత చీర కట్టారు. దానికి అవతల అత్త పడుకుంటుంది.

"అత్త దగ్గితే నాకు ఊపిరి ఆగిపోతాది. ఎప్పుడైపోతాదా అని పండ్లు బిగబట్టుకొని ఉంటా. ఆయనా తొందరగా కానిచ్చేస్తాడు."

నీకు ఇష్టం కలుగుతుందా అని అడిగాను. "మొదట్లో ఆయన చెయ్యి పట్టుకుంటే బాగుండె. నొప్పి మొదలైనాక అదీ పోయె."

వద్దంటే అక్కడే ఆపేస్తానని మాటిచ్చి, ఆమె సరేనన్నాకే పరీక్ష మొదలుపెట్టాను. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను బిగించి వదలమన్నాను. ఊపిరి నిదానంగా విడవమన్నాను. నాలుగైదు సార్లు అయ్యాక వేలు సులువుగా వెళ్ళింది. "నొప్పి లేదే!" అని ఆమే ఆశ్చర్యపోయింది. దారి మామూలుగానే ఉంది, ఇన్ఫెక్షన్ గుర్తులూ లేవు. కోయవలసింది ఏమీ లేదు.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. మనసు పడి ఒళ్ళు సిద్ధమైనప్పుడు అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది, తడి ఊరుతుంది, లోపలి దారి వదులై పొడవు సాగుతుంది, గర్భసంచి కొంచెం పైకి జరుగుతుంది. దీనికి సమయం పడుతుంది. భయంలో ఇవేవీ సరిగా జరగవు. పైగా దారి చుట్టూ ఉన్న కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. పొడిగా, బిగువుగా ఉన్నచోట ఒత్తిడి పడితే నొప్పి, ఆ నొప్పి తలుచుకుంటే మళ్ళీ బిగువు. అది ఆమె తప్పు కాదు.

ఆమె ఒప్పుకున్నాక భర్తను పిలిపించాను. అతను కోపంగా లేడు, సిగ్గుపడుతున్నాడు. "నేనంటే ఇష్టం లేదనుకుంటి మేడం. ఆడోళ్ళకి కొంచెంసేపు పడతాదని నాకెవరు చెప్పినారు?" అన్నాడు. కొన్ని వారాలు కలయిక పూర్తిగా మానమన్నాను. దగ్గరగా ఉండడం, మాట, స్పర్శ చాలు. ఆమె ఆపమంటే ఆపాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో ఆమే చెప్పాలి.

మిగిలింది ఓబుళమ్మ. కోడలిలో లోపం లేదని, భయంతో బిగుసుకున్న ఒంటికి నొప్పి తప్పదని చెప్పాను. వాదిస్తుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నాకు ముప్పై ఏండ్లు అట్లే అయింది డాక్టరమ్మా. అందరికీ అంతే అనుకుంటి" అంది.

ఆ వారంలోనే ఆమె పడక చెల్లెలి ఇంటికి మార్చుకుంది. నర్సింగ్ హోంకు ఎవరూ వెళ్ళలేదు. నాగవేణి ఐదుసార్లు వచ్చింది. మూడో నెలలో, నొప్పి లేకుండా అయిందని కమలమ్మ చెవిలో చెప్పి వెళ్ళిపోయింది.

ఇలాంటి నొప్పులన్నీ దీనివల్లే రావు. ఇన్ఫెక్షన్, గడ్డలు, కాన్పు కుట్లు కూడా కారణం కావచ్చు. అందుకే పరీక్ష తప్పదు. కానీ బిగుసుకున్న ఒంటిని పరీక్షించి ఇరుకు అని రాయడం తప్పుడు నిర్ధారణ. అంతకంటే ముందు, ఓర్చుకోమనడం నేను చేసిన తప్పు. ఓర్చుకునే ప్రయత్నమే ఆమె కండరాలను ఇంకా బిగించింది. 2008లో రిటైరయ్యేదాకా ఆ మాట ఏ రోగికీ మళ్ళీ చెప్పలేదు.