తాబేలు తల్లికి పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, నా తెలివి మీదా అంతే నమ్మకం ఉండేది. ఇప్పుడు రెండూ కాస్త తగ్గాయి లెండి. పెళ్ళై నాలుగేళ్ళైనా కడుపు పండలేదు. మా ఆయన సముద్రం మీద చేపల వేటకు పోతే ఇంట్లో నేనూ, మా అత్తా, ఆ మాటా మిగిలేవాళ్ళం. అప్పుడే అంతర్వేది దగ్గర మా పల్లెకు ఒక మాస్టారు వచ్చి, తాబేళ్ళు గుడ్లు పెట్టిన గుంతలు చూసి చెప్పేందుకు తెల్లవారేసరికి ఒడ్డు వెంట నడిచే మనుషులు కావాలన్నారు. కూలి లేదు, ఒక టోపీ, ఒక విజిలూ ఇస్తారట. ఆ మాట వింటూ ఇంట్లో కూర్చోవడం కంటే ఇసుకలో నడవడం నయమని చెయ్యెత్తాను. నాకు చదువు రాదని తాబేళ్ళ మాస్టారు (ఊరు పెట్టిన పేరే) నోటుబుక్కులో గుర్తులు నేర్పారు. గుడ్ల గుంతకు గీత, చచ్చిన తాబేలుకు సున్నా. బతికున్నది ఒడ్డుకొస్తే మాత్రం దూరంగా కూర్చుని, జనం దగ్గరకొస్తే విజిల్ ఊది ఆపాలి. నెల తిరిగేసరికి పుస్తకంలో సున్నాలే ఎక్కువయ్యాయి. (వలల్లో చిక్కి చచ్చినవి. వాటిలో మా ఆయన వలవి ఎన్నో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను చెబుతుంటే రాస్తున్నావుగా, ఇది కూడా రాయమ్మా.)

మాఘమాసంలో ఒక శుక్రవారం పొద్దు పొడిచాక, బస్సు తప్పిపోయినదానిలా ఒక తాబేలు ఆలస్యంగా ఒడ్డెక్కింది. చీకట్లోనే వచ్చిపోయే జాతి నాకోసమే ఎండలో వచ్చిందనుకున్నాను. దూరంగా కూర్చోవలసినదాన్ని ఇంటికి పరుగెత్తాను. అత్త అప్పటికప్పుడు పసుపూ కుంకుమా కొబ్బరికాయా పళ్ళెంలో సర్దింది.

“ఒక్కసారికి వంద గుడ్లు పెట్టే తల్లే అది. ఒక్కటి అడగలేవేంటే? పద.”

మేం వెళ్ళేసరికి అది వెనక కాళ్ళతో గుంత తవ్వుతోంది. డిప్పకు పసుపు రాసి, తలమీద బొట్టు పెట్టి, నా మాట చెప్పుకున్నాను. హారతికి గంట ఏదని అత్త అడిగితే విజిల్ ఊదాను. జనాన్ని ఆపడానికిచ్చిన విజిల్‌కు పల్లెంతా వచ్చి పడింది. కొబ్బరికాయ కొట్టడానికి ఇసుకలో రాయి లేక అత్త చూపు డిప్ప మీద పడింది గానీ, అంతవరకు నాకు తెలివుంది, చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో తాబేలు కంట నీరు కారింది. అమ్మ కరుణించిందని అత్త దండం పెట్టింది. (ఒడ్డెక్కిన తాబేలుకు ఎప్పుడూ కారుతుందట, మాస్టారు తర్వాత చెప్పారు.) అది తవ్వడం ఆపి, వెనక్కి తిరిగి, నా బొట్టుతోనే సముద్రంలోకి వెళ్ళిపోయింది.

మాస్టారు వచ్చి సగం తవ్విన గుంత చూశారు.

“ఎందుకెళ్ళిపోయిందమ్మా?”

“నేను పిల్లల్ని అడిగానండి.”

ఆయన “ముందు దాని పిల్లల్ని దాన్ని కననివ్వాల్సిందమ్మా,” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ రోజుకు గీతా కుదరదు, సున్నా కుదరదు, మీకు తోచింది పెట్టండని పుస్తకం ఇచ్చారు. కుంకుమంటిన బొటనవేలు ఆ పేజీ మీద నొక్కాను.

నాకు పిల్లలు కలగలేదు. మా ఆయన పోయి ఆరేళ్ళు, అత్త అంతకుముందే పోయింది. మొన్న తల నెరిసిన మాస్టారు పాత పుస్తకం తెరిచి ఆ మచ్చ చూపించారు. నా నుదుట లేని కుంకుమ ఆ పేజీలో ఉంది. ఆ రోజు తవ్వనిచ్చి ఉంటే, దాని పిల్లల్లో ఒక్కటైనా ఈపాటికి తల్లై ఈ ఒడ్డుకే వచ్చేదేమో అన్నారు.

ఇప్పటికీ నడుస్తున్నాను. తాబేలు ఒడ్డెక్కితే దూరంగా ఇసుకలో కూలబడి, చేతులు కొంగులో చుట్టుకుంటాను. ఏమీ అడగను. “కానివ్వు తల్లీ, నేను చూడట్లేదులే,” అంటాను. అని, చూస్తూనే ఉంటాను.