ఆడచిలుక మెడ మీద అయిదు గీతలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతుంటే మిర్యాలగూడ నుంచి మా చెల్లెలి కూతురు దిగింది. పత్రికల్లో కథలకు బొమ్మలు వేస్తుంది ఆ పిల్ల. ఒక ప్రేమకథకు వేసిన బొమ్మ ఫోన్‌లో చూపించింది. ఆడమనిషి, మగమనిషి ఒకే గొడుగు కింద నడుస్తున్నారు. గొడుగు పట్టుకున్నది ఆమె. తడుస్తున్నదీ ఆమే.

"పెద్దమ్మా, సూడంగనే ఏమనిపిస్తుంది? మా సారు సమజయితలేదంటుండు."

"ప్రేమ లేదనుకుంటాడేమో మీ సారు. ఉంది. అందుకే ఆమె గొడుగు దించదు" అన్నాను.

పిల్ల నోరు తెరిచింది. "ఒక్కనాడన్న బడికి పోలే. గిదంత యాడ నేర్సినవే?"

అన్నం చల్లారిపోతుందని అప్పుడు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. బడికి పంపలేదు. నాకు అక్షరాలు నేర్పింది మా నాన్న చెల్లెలు, చిన్నత్త. కోదాడలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందర బైబిలు తెరిచిపెట్టి, చేతికి కుంచె ఇచ్చి, పెరటిగోడ మీద సున్నంనీళ్ళతో దిద్దించేది. పలక కంటే గోడ పెద్దది కాబట్టి నా తప్పులు కూడా పెద్దవిగా కనబడేవి. ఆ కుంచెలు అత్త భర్తవి, మా మామవి. మామ సూర్యాపేటలో ఉంటూ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు గోడబొమ్మలు వేసేవాడు. గుమ్మానికి అటూ ఇటూ అరటిచెట్లు, ఏనుగులు, రెండు చిలుకలు. పైన పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు. ఎడమపక్క చిలుక పెళ్ళికూతురు, కుడిపక్కది పెళ్ళికొడుకు. వచ్చిన చుట్టాలు ఇంట్లోకి అడుగుపెట్టే ముందు ఆగి ఆ గోడను చూసి, బాగుందో లేదో తేల్చి మరీ లోపలికి వెళ్ళేవాళ్ళు. మామ బొగ్గుతో గీతలు గీసేవాడు, అత్త రంగులు నింపేది. నా రాత గుండ్రంగా ఉంటుందని, నాకు ఇరవయ్యేళ్ళు వచ్చాక, పేర్లు రాయడానికి నన్నూ పిలిపించుకొని ఆటోలో ఎక్కించుకుపోయేవాడు.

మంచి హాస్యగాడు మామ. "నీ రాత సూస్తే పెండ్లి కుదరనోళ్ళు గుడ పేర్లు రాయించుకుంటరు బిడ్డా" అని నవ్వించేవాడు. అత్తను కొట్టేవాడు. తాగేవాడు కాదు, తాగి కొట్టాడని చెప్పుకునే వీలు కూడా మాకు ఇవ్వలేదు. కొట్టాక తనే ఉప్పు వేయించి, గుడ్డలో కట్టి, కాపడం పెట్టేవాడు. ఆ కాపడం కోసమే అత్త ఆ ఇంట్లో ఉండిపోయిందని అమ్మ అనేది. ఈసారి చెయ్యెత్తితే మనిషి దక్కదని నాన్న రెండుసార్లు వెళ్ళి పిలిచినా రాలేదు.

పెన్‌పహాడ్ దగ్గర గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో పెళ్ళి. ఆరోజు అంత ఎండలో అత్త కొంగు మెడకు రెండు చుట్లు చుట్టుకొని వచ్చింది. చూశాను. నన్ను ఎత్తి కూర్చోబెట్టిన నిచ్చెన మీదే పెళ్ళికొడుకు పేరుకు కొమ్ములూ గుడులూ దిద్దుకుంటూ ఉండిపోయాను. ఆ మౌనానికి నేను ఇప్పటికీ మోకాళ్ళ మీద క్షమాపణ అడుగుతూనే ఉంటాను. మామ అవతలిగోడ మీద ఏనుగులు గీస్తున్నాడు. అత్త చిలుకలు నింపింది. రెండింటి మెడలకూ ఎర్రటి పట్టీ వేయడం మామ పద్ధతి. మగచిలుకకు నున్నగా వేసింది. ఆడచిలుకకు పట్టీ వేయలేదు. అయిదు ఎర్రగీతలు పెట్టింది. నాలుగు ఒక పక్క, ఒకటి ఎదురుగా.

ముందు చూసింది పెళ్ళికూతురి అన్న. "గిదేందిరో! మా చెల్లె మెడ కోసినట్టు గీసిండ్రు! పెండ్లింట్ల గీ అపశకునమేంది?"

జనం పోగయ్యారు. మామ పరుగున వచ్చి గోడను చూశాడు. అక్కడున్న అందరికంటే ముందు ఆ బొమ్మ అర్థమయింది ఆయనకే. ముఖం నల్లబడింది. రంగు డబ్బాను ఎగరతన్ని, అత్త జుట్టు పట్టి, తలను గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదు. నేను నిచ్చెన మీద నుంచి పడ్డానో దిగానో గుర్తులేదు.

పెళ్ళికూతురి నాయనమ్మ ఇద్దరి మధ్యకు చొరబడి మామను వెనక్కి నెట్టింది. గోడ దగ్గరికి వెళ్ళి ఆ గీతల మీద తన చెయ్యి పరిచింది. నాలుగు వేళ్ళూ, బొటనవేలూ సరిగ్గా కుదిరాయి. వెనక్కి తిరిగి అత్త మెడ మీది కొంగు లాగేసింది. అక్కడా అవే అయిదు, కమిలి నల్లగా.

"గిది మన పిల్ల బొమ్మ గాదురా" అంది. "గీ పిల్ల బొమ్మ."

కర్రలు లేచాయి. గొర్రెలను అదిలించే కర్రలు మనిషి వీపు మీద పడితే ఎట్లా చప్పుడవుతుందో ఆరోజు విన్నాను. మామ తల పగిలి రక్తం కొత్తసున్నం మీద చిమ్మింది. "కొట్టకుండ్రి! సచ్చిపోతడు!" అని అరుస్తూ అత్త ఆయన మీద పడిపోయింది. ఆయనకు పడాల్సిన దెబ్బ ఆమె కుడిచేతికి తగిలింది. మణికట్టు విరిగిన చప్పుడు ఎండిన కందికట్టె విరిచినట్టు వినిపించింది.

సూర్యాపేట దవాఖానాలో ఇద్దరినీ ఎదురెదురు మంచాల మీద వేశారు. మూడో రోజు మామ తలకట్టుతో లేచి వచ్చి, ఏమీ జరగనట్టు, "ఇంటికి పోదాం పా" అన్నాడు. కోదాడ నుంచి వచ్చిన మా నాన్న అత్త మంచం పక్కనే ఉన్నాడు.

"నువ్వు సావొద్దని అడ్డమొచ్చిన" అంది అత్త. "నీతోని బతుకుతనని గాదు."

నాన్న ఆమె సంచీ అందుకొని, "పదమ్మా, బస్సుకు టైమయింది" అన్నాడు. అంతే. కోదాడ వచ్చేశాం.

ఆ ముసలమ్మ గోడకు వెంటనే సున్నం వేయనివ్వలేదని తర్వాత తెలిసింది. పెళ్ళికొడుకు రాగానే ఆ చిలుక ముందు నిలబెట్టి, అది ఎందుకు అట్లా ఉందో చెప్పి, "సూసినవా బిడ్డా? సమజయిందా? ఇగ లోపటికి రా" అందట. ఆమె పేరు అడిగి తెలుసుకోలేదు. నా ప్రార్థనలో ఆమె ముసలమ్మగానే ఉంది.

మామ ఏటా క్రిస్మస్‌కు వచ్చి మా వీధిలో నిలబడేవాడు. అత్త లోపల నుంచే పళ్ళెం పంపేది. తిని వెళ్ళిపోయేవాడు. ఆయనను ఎవరన్నా తిడితే ఊరుకునేది కాదు, ఎవరన్నా వెనకేసుకొస్తే అసలే ఊరుకునేది కాదు. ఎడమచేత్తో కుంచె పట్టడం నేర్చుకుంది కానీ చిలుకలు మళ్ళీ వేయలేదు. అన్నం ముందు ఇంటిల్లిపాది పేర్లూ చెప్పి స్తోత్రం చేసేది. ఆయన పేరు మాత్రం ఉండేది కాదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, పండగా కాదు పబ్బమూ కాదు, వంకాయకూర వండుకున్న మామూలు మధ్యాహ్నం, ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయని తెలిసిన వారం, నాన్న పేరుకూ నా పేరుకూ నడుమ ఆయన పేరు పలికింది. ఎవరమూ తలెత్తలేదు. క్షమించమని ఆమెను తొందరపెట్టకుండా దేవుడు అన్ని ఏళ్ళు ఇచ్చాడు. ఆ ఏళ్ళ కోసమే నేను ఈనాటికీ దేవునికి స్తోత్రం చెల్లిస్తాను.